ఆగిన సాంచ దగ్గరికి

నిన్న పెద్దమ్మాయి ఫోన్ చేసి, ఆసుపత్రి వార్డుకు వెళ్లే వేళయిందని మాట మధ్యలోనే పెట్టేసింది. నాకు కోపం రాలేదు. దానికలాంటి ఉద్యోగం ఇచ్చినందుకు దేవుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను. కరోనా కాలంలో సూరత్‌లో మేమున్న నవాగామ్ గది గుర్తుకొచ్చింది.

మా ఇంటాయన మరమగ్గాలు నడిపేవాడు. వాటిని మావాళ్లు సాంచలంటారు. కార్ఖానా మూతపడటంతో ఆయనా ఇంట్లోనే. అందరూ ఊరిదారి పడుతున్నా మేం కదలకపోవడానికి కారణం, అమ్మాయి నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూ. ఫోన్లోనే, ఇంగ్లీషులో. సీటు రాకపోతే దాని చదువు అక్కడితో సరి. నేను బడి మొహం చూడనిదాన్ని. మా నాన్న ఇంట్లో దిద్దించిన అక్షరాల పుణ్యాన ఇంగ్లీషు మాటలకు తెలుగులో అర్థాలున్న పుస్తకం పట్టుకుని అడిగేదాన్ని, అది అప్పజెప్పేది. 'అటెండ్ టు' దగ్గరికొచ్చేసరికి మాత్రం బెదిరేది. అవసరంలో ఉన్నవాళ్ల సంగతి చూడటమని అర్థం గడగడా చెప్పేది గాని, సొంతంగా ఒక్క వాక్యం చెప్పమంటే నోరు పెగిలేది కాదు. ఒకరోజు గోడకానుకుని వింటున్న ఆయన మాత్రం వెంటనే దాన్ని వాడకంలో పెట్టాడు. "మీ అమ్మ నన్ను అటెండ్ టు చేస్తలేదు బిడ్డా. పొద్దటిసంది ఒక్కటే చాయ్."

నవ్వుతూ చాయ్ పెట్టిచ్చాను. తాగుతూ ఆయనే మళ్లీ అన్నాడు. "దీనికి భయమెందుకే? నేను కార్ఖానాల జేసేది గదే గద. నడిచే సాంచలు ఎంత లొల్లి జేసినా జేయనీ. పోగు తెగిన సాంచ సప్పుడు లేకుంట ఆగుతది. ముందుగాల దాని తానకే ఉరుకుత."

ఇంటర్వ్యూ నాడు నేను తెర వెనక రామనామం జపిస్తూ కూర్చున్నాను. ఆ ఇంగ్లీషు మాటల అర్థం తర్వాత అమ్మాయే చెప్పింది. వార్డులో రోగులందరికీ ఒకేసారి నీ అవసరం పడితే ముందు ఎవరి దగ్గరికి పోతావని మేడమ్ అడిగింది. పిల్ల ఏమంటుందోనని చెవులు రిక్కించాను. నా జపం ఆగింది. మెల్లగా దాని గొంతు వినిపించింది. "ఐ విల్ ఫస్ట్ అటెండ్ టు ద సైలెంట్ పేషెంట్, మేడమ్." కేక వేసేవాళ్లకు ఇంకా ఓపికుందని తెలుస్తుంది, చప్పుడు లేనివాళ్లనే ముందు చూడాలని వచ్చీరాని ఇంగ్లీషులో కలిపింది. ఇది నీకెవరు నేర్పారని ఆవిడ అడిగితే, మా బాపు అంది.

సీటు వచ్చింది. ఆ కబురు విన్నాక ఆయన చాలాసేపు కండువాతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఊరంతా సాంచలు మూగబోయిన ఆ రోజుల్లో కాలం కూడా ఆగిపోయిందనుకున్నాం గాని, మా గదిలో అది చప్పుడు చేయకుండా నడుస్తూనే ఉందని ఇప్పుడు తెలుస్తోంది.