ఆపా చేయని ఒక్క తప్పు

ఆపా చనిపోయిందని ఆఫీసు ఊడ్చే అవ్వ ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటు. పొద్దున ఆఫీసుకు వచ్చే రైలు కోసం మహబూబాబాద్ స్టేషన్‌కు బయలుదేరబోతూ ఇంట్లోనే కూలిపోయిందట. నేను నమ్మలేదు. ఆపా నంబరుకే ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది, నా గొంతు వినగానే ఏడ్చేసింది. విన్నది ఏదైనా ఒకసారి సరిచూసుకోవాలన్న అలవాటు ఆపా నేర్పిందే.

ఆమె ప్రభుత్వ న్యాయవాది గారి ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. అక్కా అన్నట్టుగా అందరం ఆపా అనేవాళ్లం. ప్రింటర్ మొరాయించినా, ఫైళ్లు స్కాన్ చేయాలన్నా, వాదనకు పనికొచ్చే పాత తీర్పు వెతకాలన్నా అందరికీ ఆమే దిక్కు. నేను లా చదువుతూ, పని నేర్చుకోవడానికి పాలకుర్తి నుంచి బస్సులో వచ్చేదాన్ని. సార్ గుమ్మంలోంచే "ఆపా ఏది?" అనేవారు. పక్క కుర్చీలో నేనున్నా కనిపించేదాన్ని కాదు. మొదటి వారంలోనే నాకు ఆమె మీద అసూయ పుట్టింది. దాచడమెందుకు, అది ఇంకా పోలేదు.

ఆపాకు ఒక పద్ధతి ఉండేది. తీర్పు సారాంశం రాశాక అవ్వను స్టూలు మీద కూర్చోబెట్టి చదివి వినిపించేది. అవ్వకు అర్థమైతేనే సార్‌కు పంపేది. నేనేమో అప్పుడప్పుడే మాటల మోజులో పడ్డాను. కొత్త పదం దొరికితే నోట్‌బుక్‌లో రాసుకుని, ఎక్కడ వాడదామా అని తిరిగేదాన్ని. బడి స్థలాన్ని ఒకాయన ఏళ్ల తరబడి దున్నుకుంటున్న కేసులో నా మొదటి నోట్ అవ్వకు చదివాను: "సుదీర్ఘకాల అనుభవం ప్రభుత్వ భూమిపై స్వామ్యానికి ప్రాతిపదిక కాజాలదు."

అవ్వ చీపురు ఒళ్లో పెట్టుకుని విన్నది. "మంత్రం మంచిగ చదివినవ్ బిడ్డా. ప్రసాదం ఏది?" అన్నది.

ఆపా పడీ పడీ నవ్వింది. "అవ్వా, జర గిది విను. ఎన్నేండ్లు దున్నినా బడి జాగ బడిదే."

"గట్ల చెప్పు మరి!" అని అవ్వ లేచి పనికి పోయింది.

ఆ చిన్న వాక్యం నాది కానందుకు ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

నెల తర్వాత ఆ కేసు వాదనకు వచ్చింది. ఆపా రైలు ఆలస్యమైంది. తీర్పు పంపమని కోర్టు హాలు నుంచి సార్ మెసేజ్ పెట్టారు. ఆపా సిద్ధం చేసినవి ఫోల్డర్‌లోనే ఉన్నాయి. వాటిని పంపలేదు. నేను వెతికి పెట్టుకున్న తీర్పు ఒకటుంది, దాంట్లో ఎంత అందమైన వాక్యాలో! అవ్వకు వినిపించకుండా ఆఫీసు కంప్యూటర్ నుంచి దాన్నే పంపాను. పై కోర్టు దాన్ని ఎప్పుడో కొట్టేసిందని నేను చూడలేదు. ఎదుటి వకీలు చూశాడు.

సార్ ఎర్రబడ్డ ముఖంతో వచ్చారు. "నిండు కోర్టుల నా ఇజ్జత్ పాయె. ఎవలు తీసిండ్రు ఆ తీర్పు?"

అప్పుడే వచ్చి బ్యాగు దించుతున్న ఆపా కంప్యూటర్ తెర వైపు చూసింది, తర్వాత నా వైపు. "నేను తీసి పెట్టిందే సార్. సరిగ్గ చూసుకోలే. మాఫ్ చెయ్యుండ్రి."

నేను నోరు విప్పలేదు. ఆ క్షణాన కృతజ్ఞత కలగాలి కదా. నాకు మళ్లీ అసూయే కలిగింది. తప్పును కూడా ఆమె అంత తేలిగ్గా ఎత్తుకోగలిగింది.

సార్ వెళ్లాక ఒక్కటే అన్నది. "తీర్పు గూడ మనిషి లెక్కనే బిడ్డా. మొన్న మంచిగుండె అంటే ఇయ్యాల ఉన్నట్టు కాదు. బతికుందా లేదా చూసి రావాలె."

ఆ రోజు నుంచి నేను ఏ తీర్పు తెచ్చినా "బతికుందా?" అని అడిగేది. "బతికుంది ఆపా" అన్నాకే చదివేది. తర్వాతి వాయిదాలో ఆమె తీసిన తీర్పులే నిలిచాయి. బడి జాగ బడికే మిగిలింది.

మొన్న ఆఫీసులో సంతాప సభ పెట్టారు. సార్ గొంతు సవరించుకుని, "ఇన్నేండ్లల్ల ఆమె ఒక్కటంటే ఒక్కసారి తప్పు చేసింది. అది గూడ రైలు లేటైన రోజు," అన్నారు. అందరూ తడి కళ్లతో నవ్వారు. ఆ తప్పు మీద కూడా వాళ్లకు అంత ప్రేమ. ఆ తప్పు నాది. చెబుదామని లేచాను. మంచినీళ్లు తాగి కూర్చున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ ఒక్కటి కూడా ఆపాది కాదు.

ఇక్కడిదాకా రాసింది నిన్న అవ్వకు చదివి వినిపించాను. పెద్ద మాటలు ముందే తీసేశాను. అవ్వ చివరిదాకా విన్నది. తర్వాత "సమజైంది. సార్‌కు పంపు," అన్నది. పంపాను. సార్ నుంచి ఇంకా జవాబు రాలేదు.

ఇవాళ పొద్దున అవ్వ ఊడ్చి, బల్ల తుడిచి, ఎప్పటిలాగే స్టూలు తెచ్చింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా పక్కన వేస్తుందేమోనని కుర్చీ కొంచెం జరిపాను. అవ్వ స్టూలును ఆపా ఖాళీ కుర్చీ పక్కన వేసుకుని కూర్చుంది. చీపురు ఒళ్లో పెట్టుకుని, ఇంకా వెలగని తెర వైపు చూస్తూ ఉండిపోయింది.