మిరప కల్లంలో నా దగ్గు

మా గేటుకు అంటించిన కాగితం చూసి చాలామంది ఫోన్లు చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను. నాకు కరోనా లేదు. పరీక్షలో కూడా లేదనే వచ్చింది. అయినా ఈ గదిలో ఇవాళ్టికి ఆరో రోజు, ఇంకా ఎనిమిది రోజులు ఉండాలి. దీనంతటికీ కారణం ఒక తువ్వాలు. తప్పు తువ్వాలుది కాదు, నాది. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరు నవ్వుకోవచ్చు. తలుపు అవతల కూర్చుని మా ఆవిడ ఇప్పటికే నవ్వుతోంది.

మా మార్టూరులో లాక్‌డౌన్ మొదటి వారం బాగానే గడిచింది. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లన్నీ ఆగిపోయాయి. ఏళ్ల తరబడి చెవుల్లో ఉన్న మోత పోయేసరికి పక్కింట్లో పోపు వేగే చప్పుడు వినిపించింది. ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. మూడో వారానికి ఆ పోపు చప్పుడు వింటేనే చిరాకు పుట్టింది.

నా బాధ టీ. నిజానికి టీ కూడా కాదు. బస్టాండు దగ్గర సీతమ్మ టీకొట్టు ముందు ఒక బల్ల ఉంది. రోజూ పొద్దున ఏడింటికి దాని మీద నలుగురం కూర్చుంటాం. పత్రికలో ఇరవై ఎనిమిదేళ్లు సబ్ ఎడిటర్‌గా చేసి రిటైరైన నేను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన హనుమంతరావు మాస్టారు. పెళ్లిళ్లన్నీ వాయిదా పడి పంచాంగం మూసి పక్కన పెట్టిన పురోహితుడు శాస్త్రి గారు. నాలుగోవాడు కోటేశ్వరరావు, నాతో కలిసి చదువుకున్నవాడు, మూడెకరాల మిరప రైతు.

కొట్టు మూయించారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా సరుకులకు బయటికి రావచ్చన్నారు. ఉల్లిపాయల బండి దగ్గర యాభై మంది ఒకరి వీపు మీద ఒకరు పడొచ్చు. నలుగురు ముసలివాళ్లు బల్లకు ఆ చివర ఇద్దరు, ఈ చివర ఇద్దరు కూర్చుంటే మాత్రం అది గుంపు. ఈ లెక్క మాస్టారికి కూడా తేలలేదు. వైన్ షాపులు మూసేశారని కొందరు ఇంకా ఎక్కువ బాధపడ్డారు, వాళ్ల బాధ వాళ్లది. మాకు కావలసింది అర గ్లాసు టీ, గంటసేపు మాట.

ఫోనులో నలుగురం కలిసి మాట్లాడుకునే ఏర్పాటు కూడా చేసి చూశాం. అందరం ఒకేసారి మాట్లాడటంతో ఎవరిదీ వినపడలేదు. బల్ల మీదా అంతే, కానీ అక్కడ బాగుండేది.

అప్పుడు నేనొక పని చేశాను. లాక్‌డౌన్ ఉత్తర్వు సంపాదించి చివరి పేజీ దాకా చదివాను. మామూలుగా జనం హెడ్డింగు చదివి భయపడతారు. అసలు సంగతి ఎప్పుడూ చివరి పేజీలో ఉంటుంది. ఉంది కూడా. వ్యవసాయ పనులకు మినహాయింపు. దూరం పాటించాలి, ముక్కూ నోరూ మూసేలా మాస్కు గానీ గుడ్డ గానీ కట్టుకోవాలి. వెంటనే కోటేశ్వరరావుకు ఫోన్ చేశాను.

"ఏరా, కల్లంలో కూలీలున్నారా?"

"ఎక్కడి కూలీలురా. పడమటి నుంచి వచ్చిన ముఠా లాక్‌డౌన్ అనగానే వెళ్లిపోయింది. నేనూ లక్ష్మీ కలిసి రోజుకు నాలుగు టిక్కీలు తొక్కుతున్నాం. ఇంకా నలభై టిక్కీల సరుకు బయటే ఉంది." మిరప బస్తాను మా వైపు టిక్కీ అంటారు, కాయను కాళ్లతో అదిమి అందులో నింపడమే తొక్కడం. "ఆదివారం పొద్దునకి కోల్డ్ స్టోరేజీకి లారీ పర్మిషన్ దొరికింది. ఈలోపు పడమర మబ్బు పడుతోంది. ఒక్క వాన పడిందంటే కాయ నల్లబడిపోద్ది. ఏడాది కష్టం."

"అయితే మేం ముగ్గురం వస్తాం. వ్యవసాయ పనికి మినహాయింపు ఉంది."

"మీరొచ్చి ఏం చేస్తారు?"

"పని చేస్తున్నట్టు కూర్చుంటాం. కబుర్లు చెప్పుకుందాం."

"రండి. మనిషి మొహం చూసి నాకూ మూడు వారాలైంది. లక్ష్మి ఇక్కడే ఉందిలే, అది మనిషి కాదని కాదు" అన్నాడు. వెనక నుంచి అతని భార్య లక్ష్మి ఏదో అంది. ఫోన్ కట్టయింది.

నిజం చెప్పాలి. ఆ క్షణంలో నేను అతని మబ్బు గురించి ఆలోచించలేదు. బల్ల గురించే ఆలోచించాను.

గురువారం పొద్దున ముగ్గురం మూడు గజాల ఎడంతో నడుచుకుంటూ బయల్దేరాం. ఊరి చివర కానిస్టేబుల్ ఆపాడు.

"ఎక్కడికండీ?"

"మిరప కల్లంలో పనికి" అన్నాను.

అతను నా ఇస్త్రీ చొక్కా చూశాడు. మాస్టారి జేబులో రెండు పెన్నులు చూశాడు. శాస్త్రి గారి నుదుటి మీద విభూతి చూశాడు.

"ఈయన కూడానా?"

"తాలుకాయలు ఏరతాను నాయనా" అన్నారు శాస్త్రి గారు. మిరపలో రంగుపోయి తెల్లబడ్డ కాయను తాలు అంటారు, ఎర్రకాయలోంచి దాన్ని ఏరి పక్కన పడేయాలి.

నేను ఉత్తర్వు కాగితం తీసి చూపించబోయాను.

"వద్దులెండి. ఇంకాసేపటికి అటేపు వస్తా. పని చేస్తూ కనబడాలి" అన్నాడు.

కల్లం చేరాం. నేలంతా ఎర్రగా పరిచి ఉంది. లక్ష్మి ఫ్లాస్కులో టీ తెచ్చి, కాస్త దూరంలో గట్టు మీద పెట్టి వెనక్కి వెళ్లింది. మూడు వారాల తర్వాత నలుగురం ఒకేసారి మాట్లాడాం. ఎవరిదీ వినపడలేదు. ఎంత బాగుందో చెప్పలేను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. పావుగంట అయ్యాక నేనే అన్నాను, "కానిస్టేబుల్ వచ్చేసరికి మనం పని చేస్తూ కనబడాలి. రూల్ అంటే రూల్."

మాస్టారు అడుగులతో దూరం కొలిచి నాలుగు ఇటుకలు పెట్టారు. ఇటుకకొకరం చొప్పున కుప్ప చుట్టూ కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టాం. నేను పది కాయలు ఏరేవాడిని, వేళ్లు మంటగా ఉంటే మెడలో తువ్వాలుకు తుడుచుకునేవాడిని. మళ్లీ పది కాయలు, మళ్లీ తువ్వాలు. శుభ్రత ముఖ్యం కదా అనుకున్నాను. మధ్యలో ముక్కు కప్పుకోలేదని గుర్తొచ్చింది. అదే తువ్వాలు తీసి ముక్కూ నోరూ మూసి వెనక ముడి వేసుకున్నాను.

ఈలోపు మాస్టారు అడుగు కాయ పైకి తేవాలని చెక్క పారతో కుప్ప తిరగేశారు. అదే సమయానికి గాలి తిరిగింది. అది తేజ రకం కాయ. దాని ఘాటు సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు.

మొదట శాస్త్రి గారు దగ్గారు, చిన్నగా, మంత్రం మధ్యలో దగ్గినట్టు. తర్వాత మాస్టారు. ఆయన దగ్గు ఒకప్పుడు స్కూలు వరండా రెండో చివరకి వినపడేది. తర్వాత నేను. కోటేశ్వరరావుకు ఏమీ కాలేదు. ముప్పై ఏళ్లుగా ఆ ఘాటులోనే ఉన్నవాడు.

సరిగ్గా అప్పుడు డొంక దారిలో స్కూటీ ఆగింది. వచ్చింది కానిస్టేబుల్ కాదు, ఇంటింటి సర్వే చేస్తున్న ఏఎన్ఎం ఝాన్సీ. స్కూటీ దిగకుండానే దూరం నుంచి అడిగింది, "ఎవరండీ ఆ దగ్గేది?" తర్వాత చూసి, "మాస్టారూ, మీరా?"

ఆమె మాస్టారి దగ్గర పదో తరగతి చదివింది.

"ఇది మిరపకాయ దగ్గమ్మా ఝాన్సీ" అన్నారు మాస్టారు.

"ఫారంలో మిరపకాయ దగ్గుకి వేరే గడి లేదు మాస్టారూ. దగ్గు ఉందా, లేదా. అంతే."

"నేను పదో తరగతిలో నీకు..."

"లెక్కలో మేం స్టెప్ వదిలేస్తే మీరు మార్కులు వేసేవాళ్లా?"

ఝాన్సీ రిజిస్టరు తెరిచింది. పేరు రాయబోతూ తనే దగ్గింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"నీ పేరు కూడా రాసుకో తల్లీ" అన్నారు శాస్త్రి గారు.

ఆమె కళ్లు తుడుచుకుంది. ధర్మంగానే మాట్లాడింది. "అందరం గాలికి ఎదురుగా అటు బోరు షెడ్డు దగ్గరికి పోదాం. అరగంట చూస్తా. ఆగితే మిరపకాయ. ఆగకపోతే రాస్తా."

బోరు షెడ్డు దగ్గర దూరందూరంగా కూర్చున్నాం. ఐదు నిమిషాల్లో ఝాన్సీకి తగ్గింది. పది నిమిషాల్లో శాస్త్రి గారికి తగ్గింది. పావుగంటకు మాస్టారికి తగ్గింది. నాకు పెరిగింది. దగ్గు పెరిగేకొద్దీ పక్కవాళ్ల క్షేమం గుర్తొచ్చి తువ్వాలు ఇంకా బిగించి కట్టాను. బిగించేకొద్దీ దగ్గు పెరిగింది. కళ్ల నుంచి ధారలు.

"విశ్వం, ఆ గుడ్డ తీసి కాస్త గాలి పీల్చవయ్యా" అన్నారు మాస్టారు.

"తీయకూడదు మాస్టారూ" అన్నాను దగ్గుల మధ్య. "ఉత్తర్వులో ఉంది."

"ఆ మాట కరెక్టే" అంది ఝాన్సీ, నా పేరు రాసుకుంటూ.

వ్యాన్ వచ్చింది. ఝాన్సీ మిగతా ముగ్గురికీ చెప్పింది, "ఈయన రిజల్టు వచ్చేదాకా మీరు ఇళ్లకు పోయి పిల్లల మధ్య తిరగటానికి లేదు. ఎక్కడివాళ్లు అక్కడే." కోటేశ్వరరావు నన్ను చూశాడు, కల్లాన్ని చూశాడు, పడమర ఆకాశాన్ని చూశాడు. తిట్టినా బాగుండేది. ముగ్గురినీ ఎక్కడో గదుల్లో పెడతారు, లక్ష్మి ఒక్కతే ఏం చేయగలదు, నలభై టిక్కీల కాయ నా కబుర్ల పిచ్చికి తడిసిపోతుంది. ఈ మాటలు నాకు వ్యాన్ తలుపు మూశాక తట్టాయి.

వ్యాన్‌లో డ్రైవరు కొత్త మాస్కు ఇచ్చాడు. "ఆ తువ్వాలు తీసి ఈ కవర్లో వెయ్యండి సార్." తీశాను. దాని మీద ఎర్రటి పొడి. నాలుగు వేళ్ల ముద్రలు, సరిగ్గా ముక్కు దగ్గర. రెండు నిమిషాల్లో దగ్గు ఆగిపోయింది.

"బాబూ, నాకు తగ్గిపోయింది" అన్నాను.

"అందరూ అదే అంటారు సార్" అన్నాడు.

కాలేజీ హాస్టల్లో పెట్టిన క్వారంటైన్ కేంద్రంలో మూడు రాత్రులు ఉన్నాను. ఒక్కసారి కూడా దగ్గలేదు. నా ఫోను పాతది, చార్జింగ్ మొదటి రోజే అయిపోయింది, ఆ పిన్ను అక్కడెవరి దగ్గరా లేదు. కిటికీ ఒకటి ఉంది, పడమర వైపు. మబ్బు చూస్తూ కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నం మూడింటికి వాన పడింది. చినుకు కాదు, వాన. ఆ రోజు పెట్టిన భోజనం బాగుందని పక్క మంచం ఆయన అన్నాడు. నేను తినలేదు.

ఆ సాయంత్రం నెగెటివ్ వచ్చింది. అయితే మూడు రోజులు అనుమానితుల మధ్య ఉన్నాను కాబట్టి ఇంట్లో పద్నాలుగు రోజులు ఉండాలన్నారు. ఏ జబ్బూ లేకుండా వెళ్లి, జబ్బున్నవాళ్ల మధ్య ఉన్నవాడిగా తిరిగొచ్చాను. ఆదివారం ఇల్లు చేరగానే ఫోను చార్జింగ్‌లో పెట్టి, అది వెలిగీ వెలగకముందే కోటేశ్వరరావుకు చేశాను.

"సరుకు తడిసిందా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"లారీ ఇప్పుడే కదిలిందిరా" అన్నాడు. "అన్ని టిక్కీలూ వెళ్లిపోయాయి."

నాకు అర్థం కాలేదు. ఫోన్ మాస్టారి చేతికి వెళ్లింది. "ఎక్కడివాళ్లు అక్కడే అంది కదా ఝాన్సీ. అమ్మాయీ, మేం ఉన్నది కల్లంలో, కల్లంలోనే ఉంటాం అన్నాను. కాసేపు ఆలోచించి, పైవాళ్లకు ఫోన్ చేసి, సరేనంది. చుట్టూ జనం లేరు, అంతకంటే మంచి చోటేముంది. లక్ష్మి అన్నం గట్టు మీద పెట్టి వెళ్లేది. రెండున్నర రోజులు వేరే పనేముంది చెప్పు. ఏరాం, తొక్కాం. శాస్త్రి గారు టిక్కీలు తొక్కి కాళ్ల మీద మజ్జిగ పోయించుకున్నారు. ఆఖరి టిక్కీ రేకుల షెడ్డులో పెట్టాం, అన్నం తిన్నాం, చెయ్యి కడుక్కుంటుంటే వాన."

"మరి పొద్దు ఎలా పోయింది?"

"పొద్దా? నోరు మూస్తే కదా. ముప్పై ఏళ్ల కబుర్లు అయిపోయాయి."

అంటే, మాట కోసం ఉత్తర్వు చదివింది నేను. ప్రభుత్వ అనుమతితో పొద్దస్తమానం మాట్లాడుకున్నది వాళ్లు. పక్క నుంచి ఫోన్ లాక్కుని కోటేశ్వరరావు అన్నాడు, "నువ్వు దగ్గకపోతే వీళ్లు పన్నెండింటికి ఎండెక్కగానే ఇళ్లకు పోయేవాళ్లురా. నా పంట దక్కింది నీ దగ్గు వల్లే."

ఫోన్ పెట్టేశాక లెక్క చూసుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు పత్రికలో రైతు కష్టాల మీద ఎన్ని వార్తలు దిద్దానో, ఎన్ని హెడ్డింగులు పెట్టానో గుర్తులేదు. వాటిలో ఒక్కదానితోనైనా ఒక్క రైతుకు ఒక్క టిక్కీ మిగిలిందని ఎవరూ చెప్పలేదు. నలభై టిక్కీలు కాపాడింది మాత్రం నేను దగ్గడమే.