నోరు ఎండినవాడే దొంగ

దేవుడి మీద నమ్మకం ఉంటే నిజం దానంతటదే బయటపడుతుందని ఎవరైనా నా ముందు అంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాళ్ళ చేతిలో గుప్పెడు పచ్చి బియ్యం పోసి నమలమనాలనిపిస్తుంది. నేను నమిలినవాణ్ణి కాబట్టి అంటున్నాను.

డెబ్భైల చివర్లో విశాఖపట్నం చేపల రేవు దగ్గర, మరబోట్ల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. పనివాళ్ళం ఐదుగురం. ఇనుము చెక్కే లేత్ మిషను నడిపే మేస్త్రి అందరికన్నా పెద్దవాడు, ఎలమంచిలి వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను ఆయన్ని మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. పొద్దున్నే "అప్పన్న తండ్రీ" అని దణ్ణం పెట్టుకుంటే గానీ స్విచ్చి వేసేవాడు కాదు. శనివారాలు పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టడు. పనిలో కూడా అంత నిష్ఠే. ఏ షాఫ్టునైనా మూడుసార్లు కొలిచి గానీ సరిపోయిందని ఒప్పుకునేవాడు కాదు.

ఒకరోజు షెడ్డులో మైక్రోమీటరు కనిపించలేదు. షాఫ్టు మందం వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పే పనిముట్టు అది. యజమాని తను వాడుకునేవాడు, మేస్త్రికి ఇచ్చేవాడు, మిగతా వాళ్ళని తాకనిచ్చేవాడు కాదు. రెండు రోజులు షెడ్డంతా తిరగేశాం. ఆ వారం ఏ బోట్ల మీదికి వెళ్ళామో, అక్కడ ఎవరు ఏం కొలిచారో ఒక్కడూ గుర్తు తెచ్చుకోలేదు. గుర్తు తెచ్చుకోవాలంటే బుర్ర వాడాలి కదా! అంత శ్రమ ఎందుకని యజమాని దాసుణ్ణి పిలిపించాడు.

దాసుడంటే, పోయిన సామాను ఎవరు తీశారో దేవుణ్ణడిగి చెప్తానని తిరిగే మనిషి. మెడనిండా పూసలు, నుదుటినిండా నామం, ఇచ్చిన టీలో పంచదార తక్కువైందని విసుక్కునే దర్జా. లేత్ పక్కన పీట వేసుకుని, అప్పన్న పటం ముందు కర్పూరం వెలిగించి, మంత్రించిన బియ్యం తలా గుప్పెడు పోశాడు.

"నమలండి. తప్పు సెయ్యనోడి నోట్లో పిండి ముద్దవుతాది. తీసినోడి నోట్లో తడుండదు, పొడిపొడిగా వత్తాది," అన్నాడు.

"తియ్యనోడికి బయమేటి?" అని వంత పాడాడు యజమాని.

నాకైతే భయం లేదు. నమ్మకం లేదు కనక భయమూ లేదు, అంతే. ఆవులా తీరిగ్గా నమిలి అరిటాకు మీద ఉమ్మేస్తే మెత్తటి ముద్ద పడింది. నా పక్కవాడు రోజూ సాయంత్రం నాలుగు నట్లు పంచె మడతలో పెట్టుకుపోయే ఘనుడు. వాడు నాకన్నా మెత్తటి ముద్ద ఉమ్మాడు. మొహంలో చీమ కుట్టినట్టయినా లేదు.

మేస్త్రి వంతు వచ్చేసరికి ఆయన పటానికి దణ్ణం పెట్టి బియ్యం నోట్లో పోసుకున్నాడు. ఆ రోజు శనివారం. ఎదురుగా అప్పన్న. మా ఐదుగురిలో దేవుడు నిజంగానే చూస్తున్నాడనుకున్నవాడు ఆయనొక్కడే. నోరు పిడచగట్టుకుపోయింది. ఎంత నమిలినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ నోట్లో ఊరలేదు. ఆకు మీద పొడి నూక రాలింది.

ఏం పరీక్షండీ! భక్తుణ్ణి పట్టిచ్చి, నట్ల దొంగని దర్జాగా వదిలిపెట్టింది. దీన్ని కనిపెట్టినవాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఇంకేటి సెప్పమంతారు?" అని దాసుడు పూసలు సర్దుకున్నాడు. యజమాని మేస్త్రిని ఆ పూటే వెళ్ళిపొమ్మన్నాడు. ఉపవాసం ఉన్నవాడి నోరు ఎండదా అని నేను అడగాల్సింది. నా ముద్ద బాగానే పడింది, నాకెందుకులే అని నోరు కుట్టేసుకున్నాను. ఛీ, దాసుడు ఎంత అసహ్యమో ఆ రోజు నేనూ అంతే.

మూడు నెలల తర్వాత, మైక్రోమీటరు పోయిన వారం మేం పనిచేసిన భీమిలి బోటొకటి మళ్ళీ మరమ్మతుకొచ్చింది. ఇంజను గదిలో బ్యాటరీ పెట్టె వెనక్కి చెయ్యి పెడితే గుడ్డమూట తగిలింది. విప్పితే మైక్రోమీటరు! చుట్టిన గుడ్డ మా యజమాని భుజం మీది తువ్వాలు, అంచున వాళ్ళావిడ కుట్టిన ఎర్రపువ్వుతో సహా. తనే తీసుకెళ్ళి కొలిచాడు, తనే మరిచిపోయాడు. తీసుకెళ్ళి ఇస్తే సిగ్గుతో చస్తాడనుకున్నాను. ఆయన పటం వైపు తిరిగి లెంపలు వేసుకున్నాడు.

"సూసావా అప్పన్న మహత్యం! నా సామాను నాకు పంపించీసినాడు."

"మరి ఈ తువ్వాలు మీదే కదండీ?"

"దొంగెదవ, నా తువ్వాల్లోనే సుట్టినాడు!"

ఇలాంటి వాడితో ఏం మాట్లాడతాం? తువ్వాలు పట్టుకుని మేస్త్రిని వెతుక్కుంటూ బయల్దేరాను. పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు మోస్తూ కనిపించాడు. లేత్ మీద షాఫ్టులు తిప్పిన ఆ చేతులు!

"మావా, నువ్వు తియ్యలేదు. ఓనరే బోటులో మర్సిపోనాడు. ఇదిగో, తువ్వాలు సూడు. రా, అందరి ముందూ అడుగుదాం."

ఆయన తువ్వాలు ముట్టుకోలేదు. "నా నోరు ఎండిపోనాది కదా అల్లుడూ," అన్నాడు.

"ఉపాసం ఉన్నావు, బయపడ్డావు. ఎండదేటి?"

"అప్పన్న అబద్దమాడతాడేటి? నానే తీసుంటాను. గేపకం లేదు, అంతే."

షాఫ్టుని మూడుసార్లు కొలిచే మనిషి! ఋజువు చేతికందిస్తుంటే కన్నెత్తి చూడడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఆయన మాత్రం తేలిక పడ్డవాడిలా కనిపించాడు. తలగుడ్డ సర్దుకుని బస్తా కిందికి వంగాడు.

"సామాను దొరికింది కదా, అదే పదివేలు," అన్నాడు. "ఓనరు గారికి నా దణ్ణాలు సెప్పు అల్లుడూ. నన్ను సెమించీమన్నానని సెప్పు."