దర్వాజ కట్టెతో బేస్ గిటార్

తొంభైల మొదట్లో మేము పటాన్‌చెరులో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన ఇనుప సామాను చేసే ఒక కంపెనీలో ఫిట్టర్. నేను చిన్న చిన్న కాయిల్స్ తయారుచేసే ఒక షెడ్డులో వైండింగ్ పని చేసేదాన్ని. వెంట్రుకంత సన్నని రాగి తీగను మిషన్ మీద బాబిన్ అనే చిన్న ప్లాస్టిక్ రీలుకు చుట్టడం నా పని. మాతోపాటు మా అత్తమ్మ ఉండేది. చిన్నప్పటి నుంచి చెవుల్లో చీము కారీ కారీ, నడివయసు దాటేసరికి ఆమెకు వినికిడి బాగా తగ్గిపోయింది. దగ్గరికెళ్ళి గట్టిగా చెప్తే కొంత అందేది. మిగతాది మా పెదవులు చూసి గ్రహించేది.

ఆ ఏడాది ఎండాకాలంలో మా ఆయనతో పనిచేసే ఒకాయన ఇంట్లో పెళ్ళి జరిగింది. సిటీ నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. మేము ముందు వరసలో, పెద్ద స్పీకర్ల పక్కనే ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. పాట మొదలైన కాసేపటికి అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గీ కుర్సీల ఏమో దుముకుతున్నది. చెయ్యి వెట్టి సూడు."

పెట్టి చూశాను. కుర్చీ చట్రం సన్నగా వణుకుతోంది. ఆగి ఆగి వణుకుతోంది.

"పాట ఎట్ల వోతే గట్ల దుముకుతున్నది. నాకు తెలుస్తున్నది," అంది అత్తమ్మ. ఆమె మొహంలో నవ్వు లేదు. ఏదో పనిలో పడినట్టు తల వంచుకుని, రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి కూర్చుంది. విందు పిలుపు వచ్చినా లేవలేదు.

"ఏంది గది? దేని సప్పుడు?" అని మా ఆయనను అడిగాను. ఆయన స్టేజీ చివర నిలబడ్డ మనిషిని చూపించాడు. అతని చేతిలో మామూలు గిటార్ కంటే పొడుగ్గా, నాలుగే తీగలున్న గిటార్ ఉంది. "బేస్ గిటార్ గది. పాట కింద నడుస్తది. మనం ఇన్నట్టే అనిపియ్యదు. తీసేస్తే మాత్రం పాట బోడిగ అయితది."

మా ఆయనకు కంపెనీ కార్మికుల చిన్న ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే అలవాటుంది. వినాయక చవితికి కాలనీలో వాయిస్తుండేవారు. వాళ్ళ దగ్గర బేస్ లేదు. పాటలు అయిపోయాక ఆయన స్టేజీ ఎక్కి, ఆ మనిషిని అడిగి, గిటార్ మీద తన తువ్వాలు పరిచాడు. మెడ మీద అడ్డంగా ఉన్న కమ్మీలు ఎక్కడెక్కడ వస్తున్నాయో తువ్వాలు మీద పెన్నుతో గీతలు పెట్టుకున్నాడు. ఆ మనిషి గిటార్ కదలకుండా పట్టుకున్నాడు.

ఇంటికొస్తూ దారిలో అడిగాను, "నిజంగ చేస్తవా?"

"చేస్తే ఏమైతది? కట్టె, తీగ, కాయిల్. కట్టె నేను జూస్త. కాయిల్ నువ్వు సుట్టు."

గిటార్‌లో కాయిల్ ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. రోజూ నేను చుట్టే కాయిల్స్ ఎక్కడికి పోతాయో, దేంట్లో పడతాయో కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రాత్రి నుంచి నాకు అదే ధ్యాస. తీగ ఊగితే కాయిల్‌కు ఎలా తెలుస్తుంది?

కంపెనీకి బయటి దేశం నుంచి వచ్చిన మిషన్ల పెట్టెల చెక్క బయట పడేసేవాళ్ళు. మా ఆయన అడిగి దాన్ని తెచ్చాడు. గిటార్ ఒంటికీ, మెడకూ అదే వాడాడు. తీగలకు స్కూటర్ మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆక్సిలరేటర్ తీగ సన్నం, గేరు తీగ దానికంటే లావు, బ్రేకు తీగ ఇంకా లావు. వాడి పడేసినవే మూడు రకాలు దొరికాయి. అన్నిటికంటే లావుది కావాలి కదా, దానికి నేను మా షెడ్డులో పనికిరాదని పడేసిన రాగి తీగలు పేని ఒక దారం చేశాను. రాగి అయితే ఇంకా మంచిదనుకున్నాను. కరెంటు బాగా పారేది రాగిలోనే కదా.

మెడ మీద కమ్మీలకు సైకిల్ పుల్లలు కోసి అతికించాడు. తీగలు బిగించడానికి బోల్టులు, చెవులున్న నట్లు పెట్టాడు. బిగించిన మర్నాడు పొద్దున చూస్తే మెడ విల్లులా వంగిపోయి ఉంది. మెత్తని చెక్క ఆ లాగుడుకు ఆగలేదు. మా ఆయన తీగలు వదులు చేసి దాన్ని గోడకు ఆనించి, చాయ్ కూడా తాగకుండా డ్యూటీకి పోయాడు.

అత్తమ్మ మంచం కింద ఒక పాత టేకు దర్వాజ ఉండేది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దిక్కున వాళ్ళ ఊళ్ళో మట్టి ఇల్లు వానకు కూలినప్పుడు, ఆ చౌకట్టును మాత్రం విప్పించి లారీలో తెప్పించుకుంది. ఎప్పటికైనా ఇల్లు కడితే ముందు అదే నిలబెట్టాలని ఆమె పట్టు. దాని మీద చెయ్యి వేయడానికి మాకు ధైర్యం లేదు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి, నిలువు కట్టెల్లో ఒకటి మంచం మీద అడ్డంగా పడి ఉంది.

"కోసుకో," అంది అత్తమ్మ.

"అమ్మా, ఒక కాలు తీస్తే దర్వాజ ఎట్ల నిలవడ్తది?"

"ఇల్లెక్కడున్నది నిలవడనీకి? కోసుకో అన్న గద."

ఆయన ఆ రాత్రి కట్టె మీద కొలతలు గీసుకున్నాడు. కొత్త మెడకు దాన్ని కోసింది మర్నాటి సెలవు రోజున. అత్తమ్మ పక్కనే పీట వేసుకుని, రంపం పొట్టును చాటలోకి ఎత్తుతూ, కట్టెలో మేకు ఎక్కడుందో వేలితో చూపిస్తూ ఉంది.

కాయిల్ సంగతి నేను మా సూపర్‌వైజర్ గారితో చెప్పాను. ఆయనది గోదావరి వైపు. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. బాబిన్ చివర మిగిలిపోయే తీగ వాడుకోవచ్చా అని అడిగితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గిటారుకి కాయిలా? ఏ గేజి తీగ చుడతారమ్మా దానికి?"

"నాకు తెల్వద్ సార్. ఎంత సన్నగుంటే అంత మంచిగుంటదేమో అనుకుంటున్న."

"నాకూ తెలీదు. చుట్టి చూడండి. భోజనాల టైములో చేసుకోండి."

మైకు సెట్ల దుకాణం నడిపే ఒక సాయిబు దగ్గర పాడైన స్పీకర్ తెచ్చి, దాని గుండ్రటి అయస్కాంతాన్ని సుత్తితో కొడితే సగానికి సగంగా పగిలింది. అందులో ఒక అర్ధచంద్రాన్ని మధ్యలో పెట్టి, సబ్బుపెట్టె ప్లాస్టిక్‌తో బాబిన్ చేసి, తీగ చుట్టాను. రెండుసార్లు తెగింది. మూడోసారి నిలిచింది.

తీసుకెళ్ళి ఆ సాయిబు దుకాణంలోనే ఆంప్లిఫయర్‌కు తగిలించాం. ఆయన మా వస్తువును అటూ ఇటూ తిప్పి చూశాడు. "భాయ్, గిది గిటారా, దర్వాజనా?"

"రెండు," అన్నాడు మా ఆయన.

సన్న తీగను మీటాడు. స్పీకర్‌లోంచి బొయ్యిమని వచ్చింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండో తీగ, మూడో తీగ కూడా పలికాయి. లావు తీగ మీటితే ఏమీ రాలేదు. మళ్ళీ మీటాడు. తీగ కళ్ళ ముందు ఊగుతోంది, స్పీకర్ మాత్రం మౌనం. అన్నిటికంటే అవసరమైన తీగ అదే.

"వైరింగ్‌ల ఏమన్న ఫరక్ ఉన్నదేమో సూడుండ్రి," అన్నాడు సాయిబు. వైరింగ్ అంతా విప్పి చూశాం. ఎక్కడా తప్పు లేదు. కాయిల్ ఒకటే, మూడు తీగలు వినిపించిన కాయిల్‌కు నాలుగోది వినపడకపోవడమేమిటి?

ఇంటికొచ్చి ఆ మిగిలిన అయస్కాంతం ముక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ముక్కను బ్రేకు తీగ దగ్గరికి తీసుకెళ్ళాను, పట్టుకుంది. గేరు తీగను పట్టుకుంది. రాగి దారాన్ని పట్టుకోలేదు. రాగికి అయస్కాంతం అంటదని నాకు కొత్తగా తెలియడం కాదు. పొద్దస్తమానం చేతుల్లో రాగే కదా. కానీ తీగలో కరెంటు పారుతుందని నేనే ఊహించుకున్నాను. తీగలో ఏమీ పారడం లేదు. ఇనుము ఊగుతుంటే అయస్కాంతం పట్టు కదులుతుంది, ఆ కదలికను కాయిల్ గుర్తు పడుతుంది. అంతే. రోజూ చుట్టే వస్తువు చేసే పని మొదటిసారి కళ్ళకు కట్టినట్టయింది.

"ఏమైంది బిడ్డా?" అంది అత్తమ్మ నా మొహం చూసి.

"తీగ లోపట ఇనుము ఉండాలె అత్తమ్మా," అని ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆమెకు ఏమర్థమైందో గాని, తల ఊపింది.

లోపల బ్రేకు తీగ, పైన రాగి చుట్టు. అలా చేస్తే లావూ వస్తుంది, అయస్కాంతమూ పట్టుకుంటుంది. మిషన్ మీద చుట్టాలంటే, మిషన్‌కు బిగించిన కొసతోపాటే తీగ రెండో కొస కూడా తిరగాలి. సూపర్‌వైజర్ గారు స్టోర్ రూంలోంచి పాత బేరింగ్ ఒకటి తెచ్చి, దానికి కొస బిగించి, తానే పట్టుకుని నిలబడ్డారు. నేను చక్రం తిప్పుతుంటే బ్రేకు తీగ మీద రాగి మెరుస్తూ పాకింది. షెడ్డులో అందరూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని చుట్టూ చేరారు.

"మెల్లిగా తిప్పండమ్మా, సందులొస్తున్నాయి," అన్నారాయన. "ఇది మోగితే నాకు చూపించాలి మరి."

మోగింది. తువ్వాలు సాగడం వల్ల కమ్మీలు కొన్ని తప్పు చోట పడ్డాయి. మా ఆయన వాటిని ఊడదీసి, ఆర్కెస్ట్రావాళ్ళ హార్మోనియం తెచ్చి పక్కన పెట్టుకుని, వినుకుంటూ మళ్ళీ అతికించాడు. ఆ పని ఇంట్లోనే చేశాడు. ఇంట్లో ఆంప్లిఫయర్ లేదు. ఉత్తగా మీటితే ఆ గిటార్ గొణిగినట్టు కూడా ఉండదు. ఆయన చెవిని చెక్కకు దాదాపు అంటించి వింటున్నాడు. అత్తమ్మ అది చూసి దగ్గరికొచ్చి, తానూ వంగి, దవడను టేకు మెడ చివర ఆనించింది.

ఆయన లావు తీగను మీటాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఇంకోటి కొట్టు," అంది. కొట్టాడు. "గిది మీదిది. ముందుగాల కొట్టింది దీని కన్న కిందిది." సరిగ్గా చెప్పింది. ఆయన వేరే వేరే తీగలు మీటుతుంటే ఏ స్వరం పైది, ఏది కిందిది ఒక్కటీ తప్పకుండా చెప్తోంది. నేను పక్కనే ఉన్నా నాకు టిక్కుటిక్కుమనే గోటి చప్పుడు తప్ప ఏమీ అందడం లేదు.

"మీకు ఇనవడ్తలేదా?" అంది అత్తమ్మ నా వైపు చూసి. ఆ మాట ఆ ఇంట్లో ఎప్పుడూ మేము ఆమెను అడిగేదే. నేను కూడా వెళ్ళి దవడ ఆనించాను. తల లోపల ఎవరో ఊదుతున్నట్టు నిండుగా, గుండ్రంగా నాదం వినిపించింది. ఇద్దరం చెరో పక్కన ఆనుకుంటే మా ఆయనకు చేతులాడించే చోటు లేకపోయింది. "జెర జరుగుండ్రి," అని నవ్వాడు. ఎవరమూ జరగలేదు.

ఆ వినాయక చవితికి ఆ గిటార్ కాలనీ మంటపంలో వాయించారు. సూపర్‌వైజర్ గారు భార్యను తీసుకుని వచ్చి ముందు కూర్చున్నారు. తీగలు గరుకు కావడంతో మా ఆయన వేళ్ళు పగిలి, ప్లాస్టర్ చుట్టుకుని వాయించాడు. ఇంకో మూడు నాలుగేళ్ళు నడిచింది. తర్వాత ఆర్కెస్ట్రాలోకి కీబోర్డు వచ్చింది. బేస్ కూడా దాంట్లోనే పలికేది. మా ఆయన ఏమీ బాధపడలేదు. కీబోర్డు అడుగు భాగం విప్పి చూడనిస్తారా అని అడిగి తిట్లు తిన్నాడు.

కొన్నేళ్ళకు మా షెడ్డు మూతపడింది. మేము సంగారెడ్డికి మారాం. ఇంటి ముందు గదిలోనే నేను ఫ్యాన్లకూ బోరు మోటార్లకూ వైండింగ్ మొదలుపెట్టాను. ఒకరోజు పెళ్ళిళ్ళలో వాయించే ఒకాయన వచ్చాడు. అతని చేతిలో ఫ్యాక్టరీలో తయారైన బేస్ గిటార్ ఉంది. కాయిల్ పాడైపోయింది, మీరు చుడతారని విన్నాను అన్నాడు.

ఆ వచ్చినాయన అటు వెళ్ళగానే మేమిద్దరం కాయిల్ మూత విప్పాం. మా ఆయన బల్బు దగ్గరికి పట్టాడు. లోపల అదే కాయిల్, అదే రాగి. తీగ మాత్రం నేను చుట్టినదానికంటే సన్నం. అయస్కాంతం ఒకే ముక్క కాదు, ఒక్కో తీగ కింద ఒక్కో చిన్న కడ్డీ.

"గిట్ల వెట్టిన్రా," అన్నాడు మా ఆయన. "మనకు తట్టలే."

కొత్త తీగ చుట్టడానికి పాతది విప్పాలి. చెమటకు చిలుము పట్టిన చోట కొంత తెగిపోయింది, మిగతాది బాగానే ఉంది. ఎంత పొడుగుంటుందో చూద్దామనిపించింది. మా ఆయన కొస పట్టుకుని నడుస్తుంటే నేను బాబిన్ తిప్పుతూ వాకిట్లో నిలబడ్డాను. ఆయన గల్లీ మలుపు దాకా వెళ్ళాడు. చెయ్యి ఊపి ఏదో అరిచాడు గాని నాకు అందలేదు. తీగ ఇంకా వస్తూనే ఉంది.