మేజర్ గారు తిన్న కాకరకాయ వేపుడు

ఆ రోజుల్లో ఫ్రీలాన్స్ అనువాదకురాలినని చెప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది, వినేవాళ్ళకి మాత్రం జాలిగా ఉండేది. "అంటే ఇంట్లోనే ఉంటావన్నమాట" అనేవారు చుట్టాలు, ఇంట్లో ఉండడం ఏదో జబ్బయినట్టు. చిలకలగూడలో మేముండే పోర్షన్‌లో ముందుగది నా ఆఫీసు (సాయంత్రమయితే అది నాన్న టీవీ గది, ఎవరైనా వస్తే డ్రాయింగ్ రూము, మామిడికాయల కాలంలో అమ్మ ఊరగాయ కార్ఖానా). అక్కడ కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కుక్కర్ వాడే విధానాలు, ఇన్సూరెన్స్ కరపత్రాలు, దగ్గు మందు హెచ్చరికలు ఇంగ్లీషులోంచి తెలుగులోకి దించుతూ, ఏనాటికైనా ఒక పుస్తకం నా చేతికి రాకపోతుందా అని ఆశపడేదాన్ని. కుక్కర్ గురించి ఎంత ప్రాణం పెట్టి రాసినా చదివి బాగుందన్నవాళ్ళు లేరు. బాగాలేదన్నవాళ్ళు కూడా లేరు. అసలు చదివితే కదా!

అలాంటప్పుడు దొరికారు మేడమ్. సైనిక్‌పురిలో ఉండేవారు. ఆవిడ భర్త మిలటరీలో మేజర్‌గా చేసి రిటైరై, కొన్నేళ్ళ కిందటే పోయారు. ఆయన వెంట దేశమంతా తిరుగుతూ మేడమ్ ఎక్కడికక్కడ బళ్ళలో ఇంగ్లీషు చెప్పారట. మాట్లాడితే అచ్చం మా విజయనగరం వైపు తెలుగే, రాయాలంటే మాత్రం చేతికి ఇంగ్లీషే వచ్చేది. మేజర్ గారితో గడిపిన జీవితమంతా అలా ఇంగ్లీషులో రాసుకుంటూ, పాలకొండలో ఉన్న ఆడపడుచు చదువుకోవడానికి దాన్ని తెలుగు చేయించాలనుకున్నారు. మా పద్ధతి ఏమిటంటే, ఆవిడ ఒక అధ్యాయం మెయిల్లో పంపుతారు, నేను తెలుగు చేసి తిప్పి పంపుతాను. మర్నాడు పొద్దున్న సరిగ్గా నేను ఇడ్లీ నోట్లో పెట్టుకునే వేళకి ఫోన్ చేసి నన్ను ఉతికి ఆరేస్తారు. ఆరేశాక తర్వాతి అధ్యాయం వస్తుంది.

"అమ్మాయ్, మేజర్ గారు ఆగ్రహించారు అని రాశావేటి? ఆయనేమైనా మునీశ్వరుడా? కోపమొస్తే చెప్పులేసుకుని వీధిలోకి పోయేవారు, అంతే!" అనేవారు. "మా అత్తగారి చేత దయచేసి అనిపించావు. ఆ మాట మా అత్తగారు పుట్టి ఎరగదు" అనేవారు. నేను ఇడ్లీ అటూ తోయలేక ఇటూ మింగలేక "మాలుస్తాను మేలమ్" అనేదాన్ని. వంటింట్లోంచి అమ్మ "ఏటే, మళ్ళీ మీ హెడ్మిస్ట్రెస్సేనా?" అని నవ్వేది. ఎప్పటికైనా ఈవిడ చేత ఒక్కసారి బాగుంది అనిపించుకుంటే చాలు, ఇంకేమీ వద్దు దేవుడా అనుకునేదాన్ని.

పుస్తకం చివరికొచ్చింది. చివరి అధ్యాయం ముందుది, మేజర్ గారు సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకుని పెరట్లో మొక్కలు పెంచుకోవడం, తెలుగు చేసి పంపాను. మర్నాడు ఫోన్ రాలేదు. ఇడ్లీలు వేడివేడిగా, ప్రశాంతంగా తిన్నాను. అమ్మయ్య అనుకున్నాను. ఆ మర్నాడూ రాలేదు. మళ్ళీ ప్రశాంతమే. వారం గడిచేసరికి ఆ ప్రశాంతం నాకు గొంతు దిగడం మానేసింది. "మీ మేడమ్ ఫోన్ లేకపోతే ఇల్లు బోసిపోయిందే" అంది అమ్మ. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడేవి, జవాబుండేది కాదు. చివరి అధ్యాయం రాదు. పుస్తకం సంగతి దేవుడెరుగు, నా వాక్యాలు చదివి తిట్టే మనిషి భూమ్మీద ఒక్కరే ఉంటే ఆవిడ కూడా మాట్లాడడం మానేశారని నాకు బెంగ పట్టుకుంది.

మా అనువాదకుల్లో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. బన్సీలాల్‌పేట్‌లో ఇల్లు. క్లయింట్లకి మర్యాదగా గుర్తుచేస్తూ మెయిళ్ళు రాయడంలో ఆరితేరినవాడు కనక అందరం రిమైండర్ అన్న అనేవాళ్ళం. ఇరానీ హోటల్లో చాయ్ ముందు కూర్చుని నా గోడు చెప్పుకున్నాను.

"పైసలు బాకీ ఉన్నదా?" అన్నాడు.

"లేదన్నా, ముందే ఇచ్చేశారు."

"మరింకేందీ పరేషాన్? పైసలొచ్చినంక క్లయింట్ సప్పుడు చెయ్యకుంటే దావత్ చేస్కోవాలె గానీ!"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. మాటకి బదులు బొటబొటా కన్నీళ్ళొచ్చాయి. అన్న చాయ్‌లో ముంచిన బిస్కట్టు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. అది విరిగి చాయ్‌లో పడింది.

"అరె, జెర ఆగు చెల్లే, ఏడ్వకు. దీనికి మూడు మందులున్నయ్" అన్నాడు. "మొదటిది పండుగ మందు. శుభాకాంక్షలు పెట్టు. వాటికి జవాబియ్యకుంటే ఎవరికైనా మనసున పట్టదు. రెండోది, ఫైల్ తెరుచుకుంటున్నదా మేడమ్ అని ఏం తెల్వనట్టు అడుగు. మూడోది గట్టి మందు. ఫైల్ల ఒక తప్పు పెట్టి పంపు. చిన్నది కాదు, పెద్ద తప్పు. ఎంత సప్పుడు లేని క్లయింట్ సుత తప్పు కనబడితే ఊకోడు. గిట్ల ఎంతమందిని లేపిన్నో నేను!"

మొదటి మందు వేద్దామంటే దగ్గర్లో పండుగల్లేవు. ఏకాదశికి శుభాకాంక్షలు పంపాను. పర్యావరణ దినోత్సవానికి కూడా పంపాను (ఒక మొక్క బొమ్మతో సహా). నీలం టిక్కులు. ఫైలు తెరుచుకుందా మేడమ్ అన్నాను. నీలం టిక్కులు. ఇక మూడోదే మిగిలింది. మేజర్ గారికి కాకరకాయ అంటే శత్రుదేశం. అది వేగుతున్న వాసనొస్తే చెప్పులేసుకుని వీధిలోకి పోయేవారని మేడమ్ పుస్తకంలో ఎక్కడ సందు దొరికితే అక్కడ రాశారు. నేను గుండె చిక్కబట్టుకుని ఆ పెరటి మొక్కల అధ్యాయం తెరిచి, "మేజర్ గారు కాకరకాయ వేపుడు మారు వడ్డించుకుని, ఇంకొంచెం ఉందా అని అడిగారు" అని ఒక వాక్యం ఇరికించాను. చిన్న సవరణలు చేశాను, చూడగలరు అని పంపేసి, చిచ్చుబుడ్డికి నిప్పంటించినట్టు ఫోన్‌కి ఎడంగా జరిగి కూర్చున్నాను.

ఫోన్ మోగలేదు. కాకరకాయకి కూడా లేవలేదంటే ఆవిడకి ఏదో అయిందనుకున్నాను. అమ్మ "ఫోన్ దగ్గరే కూకుని ఏడుస్తావేటి, వెళ్ళి చూసిరా" అని తోసింది. సైనిక్‌పురి బస్సెక్కాను. దారి పొడుగునా, తలుపు ఎవరో చుట్టాలు తీస్తారని, లోపల దండ వేసిన ఫోటో ఉంటుందని ఊహించుకుని కర్చీఫు తడిపేసుకున్నాను.

తలుపు మేడమే తీశారు. ఇన్నాళ్ళ ఫోన్లలో నేను ఊహించుకున్నది తాడిచెట్టంత మనిషిని. నా భుజానికి కూడా రారు. నిక్షేపంగా ఉన్నారు. "నేను మేడమ్..." అన్నాను.

"నువ్వా! ఇడ్లీ లేకపోతే నీ గొంతు ఇలాగుంటుందేటి? పోల్చుకోలేకపోయాను" అన్నారు. "రా, అన్నానికి వేళైంది."

కంచంలో కాకరకాయ వేపుడు వడ్డించారు. నేను కాకరకాయ వంక, ఆవిడ వంక చూసి, ఇక దాచలేక మూడు మందుల సంగతీ చెప్పేశాను. కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు.

"కాకరకాయ నాకెంత ఇష్టమో తెలుసా అమ్మాయ్? ఆయనకి పడదని పెళ్ళయ్యాక వండడమే మానేశాను. ఆయన పోయాక కూడా కొనడానికి చెయ్యి రాలేదు. నీ ఫైలు చదివి ముందు కోపమొచ్చింది. ఫోన్ తీశాను కూడా. మళ్ళీ అనుకున్నాను, ఆ పిల్ల ధర్మమా అని తింటున్నారు, పోనీ తిననీ అని. మర్నాడు బండి మీద కాకరకాయలు వస్తే తీసుకున్నాను."

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలేదు మేడమ్? చివరి చాప్టర్ కూడా..."

"అది ఎప్పుడో రాసేశాను." నా కంచంలో ఇంకొంచెం వేపుడు వేశారు. "ఇంగ్లీషులో ఆయన పోయారమ్మా. సరే. అది ఆయనకి ఆఫీసు భాష. తెలుగులో ఇంకా పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు కదా. నేను పంపేనంటే నువ్వు మంచిపిల్లవి, మర్నాటికల్లా చేసేస్తావు. ఆయనా వెళ్ళిపోతారు, నువ్వూ వెళ్ళిపోతావు. ఆ తర్వాత పొద్దున్నే నేనెవర్ని తిట్టుకోను?"

వేపుడు చేదుగా ఉంది. నా కళ్ళు చూసి "కారం ఎక్కువైందేటి?" అన్నారు. లేదన్నాను. "ఉంచండి మేడమ్, తొందరేముంది" అని కూడా అన్నాను (ఎవరు? పర్యావరణ దినోత్సవ శుభాకాంక్షలు పంపిన నేను!). ఆ మర్నాటి నుంచి ఫోన్ మళ్ళీ మొదలైంది. పాత అధ్యాయాలన్నీ మొదటినుంచీ మళ్ళీ ఉతకడం షురూ చేశారు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు, ఏ మాటా లేకుండా, చివరి అధ్యాయం మెయిల్లో వచ్చింది. చదివాను. మూసేశాను. రోజూ తెరుస్తాను, మేజర్ గారు ఆస్పత్రికి బయలుదేరేచోట ఆగిపోతాను. ఫోన్ వస్తే ఎత్తలేదు. కొన్నాళ్ళకి మేడమ్ దగ్గర్నుంచి మెసేజ్: దసరా శుభాకాంక్షలు. నేను పలకలేదు. తర్వాత ఇంకోటి: ఫైలు తెరుచుకుందా అమ్మాయ్? అప్పుడూ పలకలేదు. ఆ తర్వాత వచ్చింది గట్టి మందు: "ఇవాళ ఉప్మాలో పోపు బదులు పంచదార వేశాను. మా అత్తగారు దయచేసి ఇంకొంచెం పెట్టమన్నారు." ముందుగదిలో ఒక్కదాన్నే పగలబడి నవ్వి, నవ్వి, ఆపైన ఏడ్చి, కూర్చుని ఆ అధ్యాయం చేసి పంపాను.

మర్నాడు ఇడ్లీ వేళకి ఫోన్ మోగింది. "బాగుంది అమ్మాయ్" అన్నారు మేడమ్. "ఏమీ మార్చక్కర్లేదు."

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం మొక్కుకున్నానో ఆ మాట. వింటూంటే ప్రాణం ఉసూరుమంది. "ఏదో ఒకటి మార్చండి మేడమ్" అన్నాను. "సరే, ఆ కాకరకాయ మాత్రం అలాగే ఉంచు" అన్నారు.

ఉంచాను. పుస్తకం అచ్చయ్యాక పాలకొండ ఆడపడుచు అది చదివి, "మా అన్నయ్య చేత కాకరకాయ తినిపించిందంటే మా వదిన సామాన్యురాలు కాదు" అని ఊరంతా చెప్పుకుందట. అది చెప్పడానికే మేడమ్ ఫోన్ చేశారు. ఆ తర్వాత కూడా చాలాకాలం, ఏ పుస్తకమూ లేకపోయినా, టిఫిన్ వేళకి చేస్తూనే ఉండేవారు.

మేడమ్ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నేనే రిమైండర్ అక్కని. క్లయింట్ పలకడం లేదని కొత్తగా వచ్చినవాళ్ళు వాపోతే మొదటి రెండు మందులూ చెబుతాను. మూడోది ఎవరికీ చెప్పను. పొద్దున్న ఫోన్ మోగితే అది లోన్ కావాలా అని అడిగే బ్యాంకువాళ్ళే అని నాకు తెలుసు. అయినా ఇంత వయసొచ్చి, నవ్వుకుంటే నవ్వుకోండి, ఇడ్లీ నోట్లో ఉండగానే ఎత్తుతాను. ఆ గొంతయితేనే ఆవిడ నన్ను పోల్చుకుంటారు.