గంట వినబడని కూర్వాల్ గారు

కూర్వాల్ గారు మా చర్చిలో ఆర్గన్ వాయించబట్టి ముప్పై ఏళ్లు. ఆర్గన్ ఉన్న పై అరుగు మీదికి మెట్లెక్కి రాగానే బూట్లు విప్పి పల్చటి తోలు జోళ్లు తొడుక్కుంటారు, కాళ్లతో కూడా వాయించాలి కదా. కానుకలు పట్టే వేళ సొంత బాణీలే వాయిస్తారు. కింద ఫాదర్ గంట కొట్టగానే ఆపెయ్యాలి. ఈమధ్య రెండుసార్లు ఆపలేదు. మూడోసారి అలా జరిగితే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు ఫాదర్.

ఆ ఆదివారం గంట మోగింది. ఆయన వేళ్లు ఆగలేదు. వెనక ఆర్గన్‌కి గాలినిచ్చే తిత్తులు తొక్కే గస్పార్ ఆ గంట విన్నాడు. తొక్కడం మానేస్తే పాట మధ్యలోనే చచ్చిపోతుంది. అందుకని ఒక కాలితో తొక్కుతూనే రెండో కాలితో నేలపలకను గట్టిగా తన్నాడు. ఆయన కూర్చున్న బల్ల అదిరింది. కూర్వాల్ గారు పాటను మెల్లగా దించి ముగించారు.

జనం వెళ్లాక తిత్తుల దగ్గరికొచ్చారు. "నాకు చెవులు పోయాయని ఎప్పట్నుంచి తెలుసురా?"

గస్పార్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఈస్టర్ నుంచండీ. అదురు తెలియడానికి చెంప ఆర్గన్ చెక్కకి ఆనించి వాయిస్తున్నారుగా."

"ఫాదర్‌కి చెప్పలేదేం?"

"కొత్తాయనొస్తే ఎంతసేపు తొక్కిస్తాడో ఏంటోనండీ."

"సరేలే. ఇవాళ్టిది కొత్త పాట. ఎలా ఉందిరా?"

గస్పార్ మోకాళ్లు రుద్దుకున్నాడు. "పొడుగెక్కువండీ. కానీ చివర్లో కాళ్ల నొప్పుల సంగతే మర్చిపోయాను."