వెయ్యి కిలోమీటర్లకు ఒక సైకిల్

మా పిన్ని కట్టుడు పళ్ళు చేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, సెట్టు తయారయ్యాక దాని అంచును బొటనవేలితో తడిమి చూస్తుంది. కంటికి ఆనని గరుకు ఆ వేలికి తెలుస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె పనిచేసే ల్యాబు ముందు కుళాయి దగ్గర ఒకావిడ సైకిల్ ఆపి సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. తల ముగ్గుబుట్ట. పిన్ని మాటవరసకు పలకరించింది.

"ఎక్కణ్ణించండీ?"

ఆవిడ ఊరి పేరు చెప్పింది. రైల్లో పోయినా ఒక పూట పడుతుంది.

"ఎప్పుడు బయల్దేరారు?"

"నిన్న పొద్దున. ఇంకా సగం ఉందమ్మా," అని ఆవిడ సైకిలెక్కి వెళ్ళిపోయింది.

పిన్ని నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. మనిషి కాళ్ళలో అంత దూరం ఉంటుందా? ఇంటికొచ్చాక కూడా అదే మాట. బాబాయి పేపరు మడిచి, "బస్సులున్నాయి కదే," అన్నాడు.

"బస్సయితే అది తీసుకెళ్తుందండీ. నేను వెళ్ళాలి."

రోజూ పనికి తొక్కే పాత సైకిల్ మీదే దూరాలు పెంచుకుంటూ పోయింది. చివరికి వెయ్యి కిలోమీటర్ల యాత్రకు పేరిచ్చింది. మూడు రోజుల్లో ముగించాలి. పాతదానికి అంత ఓపిక లేదు. నన్ను వెంటబెట్టుకుని సైకిళ్ళ షాపుకు వెళ్ళింది.

అక్కడ నల్లటి కార్బన్ సైకిల్‌ను ఒంటిచేత్తో లేపి, పసిబిడ్డను దించినట్టు దించింది. ఇక మిగతావేవీ కంటికి ఆనలేదు. షాపాయన నవ్వాడు.

"ముచ్చటగానే ఉంటుందండీ. కానీ దీంతో కాపురం చెయ్యాలి. ఆదివారం తీసుకెళ్ళి రోజంతా తొక్కి రండి, తర్వాత మాట్లాడుకుందాం."

ఆదివారం పిన్ని గాల్లో తేలింది. సోమవారం ల్యాబులో పళ్ళ సెట్టు అంచు తడిమి, నున్నగానే ఉందనుకుంది. ఎందుకో అనుమానమొచ్చి చెంపకు ఆనించి చూసింది. గీరుకుంది. వేలికి స్పర్శ లేదు.

అంత బెదిరిపోయిన పిన్నిని నేనెప్పుడూ చూడలేదు. రెండు రోజులకు తిమ్మిరి వదిలింది. మళ్ళీ షాపుకెళ్ళి సంగతి చెబితే, షాపాయన తన చెయ్యి చాపి అరచేతి మొదలు చూపించాడు. "హ్యాండిల్ కిందికి ఉంటే బరువంతా ఇక్కడ పడుతుంది. నరం నలుగుతుంది. సన్నటి టైర్లు రోడ్డు కుదుపుల్ని నేరుగా చేతికే పంపిస్తాయి. పోటీ పడేవాళ్ళు ఓర్చుకుంటారు. మీకు చేతులు కావాలి కదమ్మా."

ఈసారి ఆయన తెచ్చింది స్టీలు ఫ్రేముది. హ్యాండిల్ ఎత్తుగా, టైర్లు వెడల్పుగా ఉన్నాయి. ఎంత నిటారు ఎత్తయినా ఎక్కించే చిన్న గేర్లున్నాయి. బాబాయి దాన్ని చూసి ముసలి దున్న అని పేరు పెట్టాడు. దాన్నీ ఒక ఆదివారమంతా తొక్కింది. మర్నాడు వేలు గరుకును ఇట్టే పట్టేసింది. పిన్ని దున్ననే ఇంటికి తెచ్చుకుంది.

యాత్ర మూడో రోజు పొద్దున్నే నేనూ బాబాయీ కొండ మలుపు పైన కారాపుకుని నిలబడ్డాం. రాత్రంతా వాన కురిసింది. తేలిక సైకిళ్ళ వాళ్ళు కొందరు ఎప్పుడో దాటిపోయారు. కొందరు దారిలోనే మానుకున్నారని తెలిసింది. మంచులోంచి ముందు లైటు, తర్వాత పిన్ని. నడిచే మనిషి కంటే వేగమేమీ లేదు. కానీ ఆ పాదాలు ఆగలేదు. దగ్గరికొచ్చాక మమ్మల్ని మైలురాళ్ళను చూసినట్టు చూసి, అప్పుడు గుర్తుపట్టింది.

"ఏమండీ, కొండ అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయ్యో, కాళ్ళు ఇప్పుడే కుదురుకున్నాయి."

ఆగకుండానే అవతలి వైపు దిగిపోయింది. మంచు విడిపోతోంది. కింద లోయ ఈ చివర నుంచి ఆ చివరికి తెరుచుకుంది. అంత పెద్ద లోయలో ఒక చుక్క కదులుతోంది. జోకు లేకుండా నోరు తెరవని బాబాయి, "ఈమె మనింటి మనిషేనంటావా?" అన్నాడు.

గడువు ముగిసే ముందు, చివరి నుంచి రెండో మనిషిగా చేరింది. గోడకు ఆనుకుని నేల మీదే కూలబడింది. ఎలా ఉందని అడిగాను.

"నిన్న తెల్లారేటప్పుడు రోడ్డు మీద నేనొక్కదాన్నేరా. భూమి ఇంత పెద్దదని విన్నాను గానీ…"

మాట పూర్తికాకుండానే నిద్రలోకి జారింది. బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని, తడిసి బిగుసుకుపోయిన ఆమె బూట్ల ముళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.